అదేంటని అడగకూడని బొమ్మ

మొన్న శనివారం ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్ దగ్గరున్న ఇండియన్ స్టోర్‌లో ఒకాయన సొరకాయలు ఏరుకుంటున్నాడు. ఒక్కోదాన్నీ గోటితో గిచ్చి చూసి, లేతగా ఉన్నవాటిని గుడ్డసంచిలో వేసుకుంటున్నాడు. ఆ సంచి మీద నేను వేసిన బొమ్మ ఉంది. ఉతికి ఉతికి రంగు సగం వెలిసిపోయింది. నేను కొత్తిమీర కట్ట చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

"ఈ బ్యాగ్ ఎక్కడిదండీ?" అని అడిగాను.

"ఏదో పెయింటింగుల ఫంక్షన్‌లో ఇచ్చార్లేమ్మా. గట్టిది. బియ్యం కూడా మోస్తుంది."

"దాని మీదున్న బొమ్మ..."

ఆయన మొదటిసారి చూస్తున్నట్టు సంచిని పైకెత్తి చూశాడు. "ఏదో కంపెనీది అనుకుంటా" అన్నాడు.

ఆ బొమ్మ వేయించినావిడ మొన్న చలికాలంలో పోయారు. పేరు రాయను. రాస్తే డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్లలో సగం మంది "మా ఇంటికొచ్చి కూడా ఇలాగే చేసింది" అని మొదలుపెడతారు. మిగతా సగం "పోయినవాళ్ల గురించి అలా రాయొచ్చా" అంటారు. నేను ఆంటీ అని పిలిచేదాన్ని. ఇక్కడా ఆంటీ అనే ఉంచుతాను.

ఆంటీ రేడియాలజిస్టుగా పని చేసి రిటైరయ్యారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ చీకటి గదిలో కూర్చుని ఎక్స్‌రేలూ స్కానులూ చూస్తూ, ఫలానా చోట కనిపిస్తున్న మచ్చ ఫలానా అని మైకులో చెప్పడమే ఆవిడ పని. చెప్పింది మెషిను టైపు చేసుకుంటుంది కాబట్టి కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా నోటితోనే చెప్పాలట. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. కోపం వస్తే మరీ. సాంబారు చల్లారిపోయాక తెచ్చిన క్యాటరింగ్ అతన్ని "నీకు బుద్ధి కామా జ్ఞానం కామా కనీసం మూత పెట్టాలన్న ఆలోచన కూడా లేదు ఫుల్‌స్టాప్" అని తిట్టడం నేను చెవులారా విన్నాను. అతను ఏమనుకోవాలో తెలియక "థ్యాంక్యూ మేడమ్" అన్నాడు.

ఇంకో అలవాటు, ఏ కాగితం చేతికిచ్చినా కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, ఎడమ కన్ను మూసి చూసేవారు. పెళ్లి శుభలేఖయినా, కరెంటు బిల్లయినా అంతే. శుభలేఖను అలా చూసి "ఊఁ" అంటే ఇచ్చినవాళ్ల గుండెల్లో రాయి పడేది.

వేషం కూడా చెప్పాలి. నల్లటి చేనేత చీర, కాళ్లకు పరుగులు తీసేవాళ్లు వేసుకునే బూట్లు, మెళ్లో హార్డ్‌వేర్ షాపులో నట్టులూ వాషర్లూ దారానికి గుచ్చినట్టుండే దండ. ఉత్తర టెక్సస్ మొత్తం మీద కళ తెలిసిన మనిషి తాను ఒక్కత్తేనని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకాన్ని దాచుకోవాలని ఎప్పుడూ ప్రయత్నించలేదు.

ఆవిడ ఇంటికి నేను వెళ్లింది కళ కోసం కాదు, ఓపీటీ కోసం. చదువైపోయిన విద్యార్థులకు కొంతకాలం పని చేసుకోవడానికి ఇచ్చే పర్మిషన్ అది. కానీ పని దొరక్కుండా ఎక్కువ రోజులు ఖాళీగా ఉంటే ఆ పర్మిషనే పోతుంది. జీతం లేకపోయినా సరే, చదువుకు తగ్గ పని ఏదో ఒకటి చేస్తున్నట్టు ఉండాలి. నేను చదివింది గ్రాఫిక్ డిజైన్. నా రూమ్మేట్లందరూ సాఫ్ట్‌వేర్. "డిజైనా? అంటే పవర్‌పాయింటా?" అని అడిగేవాళ్లు. పాపం, మంచి పిల్లలే. అప్పటికి మా తెలుగు సంఘం ఆంటీ పోరు పడలేక నైరూప్య చిత్రాల పండగ ఒకటి చేయడానికి ఒప్పుకుని ఉంది. దానికి లోగో, పోస్టర్లు, బ్యానర్లు, సంచులు, మొత్తం రూపురేఖలు తయారుచేసే వాలంటీర్ కావాలన్నారు. రూపం లేని కళకు రూపురేఖలు. ఆ మాట విన్నప్పుడే నాకు భయం వేసి ఉండాల్సింది.

మొదటిరోజు నేను తీసుకెళ్లిన డిజైన్లన్నీ ఆంటీ కిటికీ దగ్గర ఒకటొకటే పట్టుకుని చూశారు.

"ఇవన్నీ ఎవరు నేర్పారు?"

"కాలేజీలనే ఆంటీ."

"మర్చిపో ఫుల్‌స్టాప్."

హాల్లో గోడ మీద పెద్ద పెయింటింగ్ ఉంది. గోధుమరంగు, దాని మీద ఇంకొంచెం ముదురు గోధుమరంగు, మధ్యలో పచ్చగా ఏదో. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని "అదేంది ఆంటీ?" అన్నాను. వంటింట్లో గరిట కిందపడిన చప్పుడయింది. టీ పెడుతున్న అంకుల్ గుమ్మంలోకొచ్చి నా వైపు జాలిగా చూశారు. అంకుల్ కూడా రిటైరయ్యారు. వంతెనలు కట్టే ఇంజినీరు. ఆ ఇంట్లో ఆయన మాట్లాడడం అరుదు.

"ఏ ఊరమ్మా మీది?" అన్నారు ఆంటీ.

"వరంగల్."

"వరంగల్లో కళ్లతో చూస్తారా, నోటితో చూస్తారా?"

ఆవిడ సోఫాలో కూర్చుని, కాస్త మెత్తబడి చెప్పారు. "ఉద్యోగం చేసినన్నాళ్లూ అదేంటి, అదేంటి అని నా ప్రాణం తీశారు. అదేంటో నేను చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరి ఇంట్లో ఏడుపు. ఇంక నేను చెప్పను. నా ముందు ఎవర్నీ చెప్పనివ్వను."

ఇంత మంచి మాట చెప్పగలిగిన మనిషి అంత మంచి బొమ్మ కూడా వేయగలిగితే ఎంత బాగుండేదో. ఆవిడ బొమ్మలన్నీ గోధుమరంగే. చూసినవాళ్లందరికీ పెసరట్టే కనిపించేది. అల్లం ముక్కలు ఎక్కడున్నాయో కూడా చూపించేవాళ్లు, ఆవిడ లేనప్పుడు.

ఇంకొక సంగతి. ఇంత ఆధునికురాలూ మంగళవారం కొత్త పని మొదలుపెట్టేవారు కాదు. ఫైల్ పంపుతానంటే ఫోన్లో టైం చూసి "రాహుకాలం వెళ్లాక పంపు" అనేవారు. ఓసారి ధైర్యం చేసి అడిగాను, ఇదేంటాంటీ అని. "ఆర్ట్ వేరు, అదృష్టం వేరు" అన్నారు.

సంఘం కమిటీ మీటింగులు ఒక రెస్టారెంటు వెనకగదిలో జరిగేవి. ప్రెసిడెంటుగారికి సొంత కన్సల్టింగ్ కంపెనీ ఉంది, మైకు మీద ప్రేమ ఉంది. మొదటి మీటింగులో ఆయన సందేహం, "నైరూప్యం అంటే నైరుతికి సంబంధించిందా మేడమ్? వాస్తు ఈవెంటా?"

ఆంటీ కళ్లు మూసుకుని వివరించారు. ఆయన తల ఊపారు. ఆ తర్వాత కూడా మైకులో చివరిదాకా నైరుతి ఉత్సవం అనే అన్నారు.

నేను మొదట నిండు గుండ్రం ఒకటి చూపించాను. బొట్టుబిళ్లలా ఉందన్నారు. చుక్కను కొంచెం సాగదీస్తే రక్తదాన శిబిరమన్నారు. మూడు నిలువు గీతలు పెట్టి తీసుకెళ్లాను. కోశాధికారిగారు కుర్చీలో నిటారుగా కూర్చుని "నామాలు పెట్టారేంటి? ఇది ఒక వర్గానికి చెందిన సంఘమా?" అన్నారు. గీతలు అడ్డంగా తిప్పాను. "ఇప్పుడు విభూతి" అని ఇంకో మూల నుంచి లేచారు. ఆ రోజు మీటింగులో శైవులకూ వైష్ణవులకూ బిర్యానీ వచ్చేదాకా గొడవ. నేను గీతల్ని ఏటవాలుగా వంచి సర్దబోతే, ఓ కుర్రాడు తన బూట్ల మీదున్న మూడు చారల కంపెనీ గుర్తు చూపించి నవ్వాడు.

రంగుల గోల దానికన్నా పెద్దది. పసుపు వాడితే ఒక పార్టీది. గులాబీ ఇంకో పార్టీది. కాషాయం, నీలం, ఎరుపు కూడా అంతే, మువ్వన్నెలు కలిపితే అదీ ఒకరిదే. ఇండియాలో ఓటు ఉన్నవాళ్లు ఆ గదిలో ఎవరూ లేరు. అయినా ఇర్వింగ్‌లో కూర్చుని అక్కడి జెండాలకు కాపలా కాస్తున్నారు. దేవుడు ఇంద్రధనుస్సును చూపిస్తే కూడా ఏ రంగు ముందు పెట్టావని అడిగే మనుషులు.

"ఏ పార్టీకీ పనికిరాని రంగు తీసుకురా" అన్నారు ఆంటీ కారులో.

"అట్లాంటిది యేడ దొరుకుతది ఆంటీ?"

"చింతపండు నానబెట్టిన నీళ్లు చూడు. ఆ రంగుతో ఎవడూ ఎన్నికల్లో నిలబడడు."

అలా రంగు దొరికింది. అక్షరాలు దొరకడానికి ఇంకొన్ని వారాలు పట్టింది. ఉన్న తెలుగు ఫాంట్లన్నీ పెళ్లి పత్రికలాగో సినిమా పోస్టర్‌లాగో ఉన్నాయని ఆవిడ విసుక్కుంటే చేత్తో రాసి తీసుకెళ్లాను. కిటికీ దగ్గర ఎడమ కన్ను మూసి చూసి, "ఈ తలకట్లన్నీ తీసెయ్" అన్నారు.

"తలకట్టు తీస్తే చదవరాదు ఆంటీ."

"చదవమని ఎవరు అడిగారు?"

"పండగ యేడనో, యెప్పుడో తెలవాలె గద!"

ఆవిడ ఆలోచించి, తేదీకీ అడ్రసుకూ మాత్రం తలకట్లు ఉంచడానికి ఒప్పుకున్నారు. పేరుకు మాత్రం గుండు కొట్టించారు.

బొమ్మ మాత్రం కుదర్లేదు. ఒక ఆదివారం ఆవిడ నా లాప్‌టాప్ మూసేసి, వంటింటి బల్ల మీద గ్రోసరీ వాళ్లిచ్చే కాగితం సంచులు గుట్టగా పోసి, "కిటికీ వైపు తిరుగు. చేతుల వైపు చూడకుండా చింపు" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. రెండు దేశాల్లో చదువుకుని, అమెరికాలో ఒకావిడ వంటింట్లో కూర్చుని కాగితాలు చింపుతున్నాను. చింపిన ప్రతి ముక్కనూ ఆవిడ వెలుతురులో పెట్టి "కుక్క. చెవి. ఒరిస్సా. మళ్లీ కుక్క" అంటూ పక్కన పారేస్తున్నారు. అంకుల్ వాటిని ఊడుస్తున్నారు. చివరికి విసుగుతో నేను ఒక ముక్కను ఫర్రున లాగాను. ఒక పక్క గరుకుగా, ఒక పక్క నున్నగా, నడుమ సన్నటి చీలికతో తెగింది. ఆంటీ దాన్ని చాలాసేపు చూశారు. ఇటు తిప్పారు, అటు తిప్పారు.

"ఇదేం కాదు" అన్నారు, పసిపిల్లను చేతిలోకి తీసుకున్నంత మెల్లగా.

కమిటీ ముందు పెట్టాం. అందరూ తలలు వంచి చూశారు. నామం లేదు, విభూతి లేదు, పార్టీ లేదు, జంతువు లేదు. తిట్టడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు. దాంతో అందరికీ కోపం వచ్చింది.

తర్వాతి ఆదివారం జనరల్ బాడీలో ప్రెసిడెంటుగారు తెర మీద ఇంకో బొమ్మ వేశారు. ఏఐని అడిగి తానే తయారుచేశానన్నారు. నెమలి. కాలితో కుంచె పట్టుకుంది. పింఛంలో టెక్సస్ నక్షత్రం, కలశం, వీణ, ఎందుకో తాజ్‌మహల్ ఉన్నాయి. కింద బంగారు రంగులో తెలుగు అక్షరాల వరుస. హాలంతా చప్పట్లు.

"రెండు నిమిషాల్లో వచ్చేసింది, ఫ్రీగా!" అన్నారాయన.

ఆంటీ తెర దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. "ఇందులో ఒక్క అక్షరం కూడా తెలుగు కాదు" అన్నారు. నిజమే. ఒత్తుల్లా, కొమ్ముల్లా ఏవేవో వంకరలు. తెలుగులా కనిపిస్తాయి, చదవబోతే నోరు తిరగదు. హాల్లో అంతమంది తెలుగువాళ్లం చూసి కూడా గమనించలేదు.

"అబ్‌స్ట్రాక్ట్ కదా మేడమ్!" అన్నారు ప్రెసిడెంటుగారు.

చేతులెత్తమన్నారు. నెమలికి చేతులు అడవిలా లేచాయి. మా వైపు ఆంటీది, నాది, సమోసా పట్టుకుని ఉన్న అంకుల్‌ది.

"ఇది నెమలి. మీ అందరికీ నెమలని తెలిసిపోయింది. ఇంక చూసేదేముంది, ఇళ్లకు వెళ్లండి" అని ఆంటీ బయటికి నడిచారు.

హైవే మీద కారులో ఇంటికి బయల్దేరాం. నాకు లోపల వేరే భయం. సంఘం పని పోతే నా వాలంటీర్ ఉద్యోగం పోయినట్టే, అది పోతే ఓపీటీలో ఖాళీ రోజుల లెక్క మళ్లీ మొదలు. చివరికి నోరు విప్పాను. "ఆంటీ, మరి నా ఓపీటీ..."

"హాల్ వాళ్లది. గరాజ్ నాది. పండగ గరాజ్‌లో" అన్నారు ముందుకే చూస్తూ. "నీ ఓపీటీ సంగతి రేపు."

మర్నాడు సోమవారం, రాహుకాలం దాటాక, ప్రెసిడెంటుగారి ఆఫీసుకి నన్ను వెంటబెట్టుకుని వెళ్లారు. నేను సంఘానికి వాలంటీర్‌గానే కొనసాగుతానని ఆయన సంతకం పెట్టాలి. ఆయన కుదరదన్నారు, కమిటీని అడగాలన్నారు. ఆంటీ వాదించలేదు. కుర్చీలో వెనక్కి వాలి, ఎడమ కన్ను మూసి, ఆయన మెడ వైపు చూస్తూ కూర్చున్నారు. ఆయన కాలరు సర్దుకున్నారు. కాసేపటికి నీళ్లు తాగారు.

"ఏమైనా... కనిపిస్తోందా మేడమ్?"

"నేనేమీ చెప్పనండి. చెప్పడం మానేశాను."

ఆయన సంతకం పెట్టేశారు. లిఫ్టులో నేను అడిగాను, నిజంగా ఏమైనా కనిపించిందా అని. "ఇడ్లీపిండి" అన్నారు. "కాలరు మీద."

ఏప్రిల్‌లో పండగ జరిగింది. మూడు కార్లు బయటికి తీసి గరాజ్ గోడలకు తెల్లరంగు వేయించారు. బొమ్మలు పెట్టినవాళ్లలో ఇద్దరు డెంటిస్టులు, ఒక స్కూల్ టీచరు, కొందరు మాస్టర్స్ విద్యార్థులు. ఆంటీ పెసరట్లకు మధ్య గోడ. వెనక పెరట్లో అంకుల్ మిరపకాయ బజ్జీలు వేస్తున్నారని వాట్సాప్‌లో పాకిపోయి, జనం కళాభిమానంతో తరలి వచ్చారు. ఆంటీతో పనిచేసిన ఒక అమెరికన్ డాక్టరు నా పోస్టర్లన్నీ చూసి ఫోన్ నంబర్ తీసుకుంది. ఇప్పుడు నేను చేస్తున్న ఉద్యోగం అలా వచ్చిందే. ఆసుపత్రి బోర్డులు గీస్తాను. లిఫ్టు ఎటు, బాత్రూమ్ ఎటు అని. అక్కడ మాత్రం చూసినవాళ్లకు అదేంటో వెంటనే తెలియాలి.

గరాజ్ తలుపు పైన ఆ చివర నుంచి ఈ చివరకు బ్యానర్ కట్టాం. చింతపండు రంగులో నా చిరిగిన కాగితం ముక్క, మనిషంత ఎత్తున. టెక్సస్ గాలికి అది పెళపెళమంటోంది. నేను నిచ్చెనెక్కి తాడు బిగిస్తుండగా గోల్ఫ్ బండిలో ఒక పెద్దాయన వచ్చి ఆగాడు. ఆ కాలనీ సంఘం మనిషి. ఇక్కడ అందరూ హెచ్‌ఓఏ అంటారు. గడ్డి ఎంత పెరగాలో, తలుపుకు ఏ రంగు ఉండాలో వాళ్లే చెబుతారు. మాటలన్నీ ఇంగ్లీషులోనే జరిగాయి.

"మేడమ్, ఆ బ్యానర్ తీసేయాలి."

"ఎందుకు?"

"ఇంటి ముందు జెండా ఉండొచ్చు. పిల్లల స్కూల్ టీమ్ బోర్డు ఉండొచ్చు. పండగ అలంకరణ ఉండొచ్చు. ఇల్లు అమ్మకానికుంటే ఆ బోర్డు ఉండొచ్చు. ఇది వాటిలో ఏది?"

"ఏదీ కాదు."

"అంటే?"

"అంటే ఏదీ కాదు."

ఆయన మర్యాదస్తుడు. టోపీ వెనక్కి తోసుకుని ఓపిగ్గా చెప్పాడు. "ఏదీ కానిదానికి మా రూల్స్‌లో చోటు లేదు మేడమ్. ఇది తీయకపోతే మీ కార్యక్రమం ఆపించాలి. వీధిలో ఉన్న కార్లు కూడా లాక్కెళ్తారు." ఆ తర్వాత, పాపం తెలియక, బ్యానర్ వైపు చెయ్యి చూపించి అడిగేశాడు. "ఇంతకీ అదేంటి?"

నేను నిచ్చెన గట్టిగా పట్టుకున్నాను. ఆంటీ ముఖం ఎర్రబడింది. అప్పుడు అంకుల్ బజ్జీల పళ్లెంతో వచ్చి, ఆవిడ చెవి దగ్గర తెలుగులో అన్నారు. "దేవుడని చెప్పేయ్. దేవుడైతే వాళ్లు ముట్టుకోరు."

ఆవిడ ఆయన వైపు చూసిన చూపుకు బజ్జీలు చల్లారిపోవాలి. గరాజ్‌లో కుర్రాళ్లు తమ బొమ్మల ముందు ఇస్త్రీ చొక్కాలతో నిలబడి ఇటే చూస్తున్నారు. వాళ్ల బొమ్మలు గోడెక్కడం అదే మొదటిసారి. ఆంటీ వాళ్లనొకసారి చూశారు. తర్వాత వంగి బూట్లు విప్పారు. బ్యానర్ వైపు తిరిగి, చేతులు జోడించి, రెండు కళ్లూ మూసుకున్నారు.

పెద్దాయన గబుక్కున టోపీ తీసేశాడు. "సారీ మేడమ్, నాకు తెలియదు. మతానికి సంబంధించిందైతే వేరే రూలు. ఉంచుకోండి" అన్నాడు. అంకుల్ పళ్లెం చాపారు. "ఇది ప్రసాదమా?" అని భక్తిగా అడిగాడాయన. "అంతే" అన్నారు అంకుల్. ఆయన మిరపకాయ బజ్జీ కొరికి, కళ్లనీళ్లు పెట్టుకుని, గోల్ఫ్ బండిలో వీధి మూలకు వెళ్లి నోటి మంట చల్లారే దాకా అక్కడే కూర్చున్నాడు.

ఆయన అలా కూర్చోవడమే కొంప ముంచింది. ఆంటీ దణ్ణం పెట్టడం దూరం నుంచి చూసినవాళ్లు చెప్పులు విప్పి లోపలికి రావడం మొదలుపెట్టారు. కాసేపటికి డ్రైవ్‌వే నిండా చెప్పులు. ఎవరో అగరొత్తులు వెలిగించారు. నిచ్చెన మీదికి ఎవరెక్కారో తెలియదు, బొమ్మ నడుమ కుంకుమ బొట్టు వెలిసింది. ఒకావిడ తన పిల్లాణ్ణి "అటు కాళ్లు పెట్టకు, కళ్లు పోతాయి" అని కసురుకుంది. "ఎవరు పెట్టారిది కామా ఎందుకు పెట్టారు కామా" అంటూ ఆంటీ పరిగెత్తుకొచ్చి, మూలన గోల్ఫ్ బండి కనపడగానే ఆగిపోయారు. అది దేవుడు కాదని అరిస్తే పండగ ఆగిపోతుంది. ఊరుకుంటే ఆవిడ ఇన్నాళ్లూ చెప్పిన ప్రతి మాటా ఆగిపోతుంది. ఊరుకున్నారు.

ప్రెసిడెంటుగారు కూడా వచ్చారు, మా దగ్గర ఎంతమంది ఉన్నారో చూసుకోవడానికి. ఖరీదైన బూట్లు విప్పి, బ్యానర్‌కు దణ్ణం పెట్టి, చెంపలు వేసుకున్నారు. తర్వాత ఆంటీ దగ్గరికొచ్చి నిజమైన బాధతో అన్నారు. "దేవుడని ముందే చెబితే కమిటీలో ఎవరు కాదనేవాళ్లు మేడమ్?"

ఆంటీ మెళ్లో దండ తీసి చేతిలో పట్టుకుని, గరాజ్ గోడకు ఆనుకుని నిలబడ్డారు. నేను మంచినీళ్లు తెచ్చిచ్చాను. తాగలేదు.

అప్పుడొచ్చింది ఆ ముసలావిడ. ఒంగోలు నుంచి కొడుకు దగ్గరికి విజిట్‌కు వచ్చిందట. కొడుకు బజ్జీల లైన్లో ఉన్నాడు. చేతికర్ర నేలకు ఆనించుకుంటూ బ్యానర్ కిందికి వచ్చి, తలెత్తి చూసింది. పక్కనున్న ఆంటీని అడిగింది.

"ఏ దేవుడమ్మా ఈయన? పేరేంటి?"

ఈసారి ఆంటీకి కోపం రాలేదు.

"ఇంకా పెట్టలేదండీ" అన్నారు.

"పేరు లేకుండా మొక్కుకుంటే ఎవరికి చేరుతుంది?"

"ఎవరికీ చేరదండీ."

ముసలావిడ కర్రను రెండో చేతికి మార్చుకుంది. "పోన్లే తల్లీ, అదే నయం" అంది. "ఏ దేవుడి ముందు నిలబడినా మోకాళ్లు, మోకాళ్లు అని అడిగి అడిగి నాకే సిగ్గేస్తోంది. ఈయన్ని ఏమీ అడగను. ఊరికే చూస్తాను."

ఆంటీ లోపలికి వెళ్లి మడతకుర్చీ తెచ్చి బ్యానర్‌కు ఎదురుగా వేశారు. ముసలావిడ కర్రను ఒళ్లో అడ్డంగా పెట్టుకుని కూర్చుంది. గాలికి బొమ్మ ఉబ్బుతోంది, మళ్లీ సర్దుకుంటోంది. పెరట్లోంచి బజ్జీలు అయిపోతున్నాయని ఎవరో కేకేస్తే గరాజ్ సగం ఖాళీ అయింది. ఆంటీ ఆ కుర్చీ పక్కనే, నల్లచీరతో ఉత్త సిమెంటు నేల మీద కూర్చున్నారు. కొడుకు పళ్లెంతో వచ్చి పిలిచినా ముసలావిడ లేవలేదు. "చల్లారనీ" అని, తల తిప్పకుండా చెయ్యి ఊపింది.